నల్లమలలో వెతికేదెవరు, ఖర్చు ఎవరి పద్దులో?

2025 ఫిబ్రవరి 22న నల్లమల అడవిలో, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం లోపల పైకప్పు కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. తర్వాతి వారాల్లో అక్కడికి రాని బలగం లేదు. కేంద్ర విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్, రాష్ట్ర విపత్తు దళం ఎస్డీఆర్ఎఫ్, ఆర్మీ, నేవీ, సింగరేణి రెస్క్యూ, హైదరాబాద్ విపత్తు సంస్థ హైడ్రా, ఇరుకు సందుల్లో చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ పోలీసు జాగిలాలు, ఆఖరికి రోబోలు. మార్చి 9న ఒక మృతదేహం, మార్చి 25న రెండోది దొరికాయి. మిగతా ఆరుగురి జాడ దొరక్కుండానే గాలింపు ఆగిపోయింది.

వచ్చినవాళ్లు ప్రాణాలకు తెగించి పనిచేశారు. అందులో అనుమానం లేదు. కానీ వాళ్లలో ఎక్కువ మంది బయటి నుంచి వచ్చినవాళ్లే. ఏ బలగం ఖర్చు ఆ బలగం ఖాతాలోకి వెళ్లింది. మొత్తం గాలింపుకు ఎంతయింది, ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు, ఎక్కడ ఆలస్యమైంది అని ఒకే చోట లెక్క చెప్పాల్సిన ఆఫీసు ఏది? ఈ ప్రశ్న నల్లమలకు కొత్త కాదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో సర్కారు దృష్టిలో విపత్తు అంటే చాలాకాలం కరువే. కరువు పనులు, పశుగ్రాసం, ట్యాంకర్లతో నీళ్లు. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫార్సుతో 1990లో వచ్చిన విపత్తు సహాయ నిధి కూడా ప్రధానంగా జరిగిన నష్టానికి సాయం చేసేదే. మనిషిని వెతికి బయటికి తెచ్చే పని మాత్రం ఊరి మీదే పడేది. కృష్ణలో మునిగితే గజ ఈతగాళ్లు, మత్స్యకారులు. అడవిలో తప్పిపోతే చెంచులు. పోలీసులు కబురు పెడితే వాళ్లు వస్తారు. వాళ్ల చేతిలో డబ్బు పెట్టేది చాలాసార్లు బాధిత కుటుంబమే. 2007 జనవరిలో మక్తల్ ప్రాంతంలో కృష్ణ దాటుతున్న పడవ మునిగి పదుల మంది చనిపోయినప్పుడు, ఎన్డీఆర్ఎఫ్ పుట్టి ఏడాదే అయింది. నది ఒడ్డు పల్లెలకు అలాంటి బలగం ఒకటుందని కూడా అప్పటికి తెలియదు.

అడవి సంగతి ఇంకా వేరు. నల్లమల దశాబ్దాల పాటు నక్సలైట్లకు స్థావరం. ఇక్కడ అడవిని గాలించడమంటే కూంబింగ్ అనే అర్థం. అడవిలో రోజుల తరబడి నడవగలిగేలా ప్రభుత్వం శిక్షణ ఇచ్చి, జీతాలిచ్చి పెంచిన బలగం 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్. దారితప్పిన బాటసారి కోసమో, తేనెకు వెళ్లి తిరిగిరాని చెంచు కోసమో అలాంటి ఏర్పాటు ఎవరూ చేయలేదు.

ఆ అడవి అసలు ఎంత వేగంగా గాలించవచ్చో 2009 సెప్టెంబర్‌లో తెలిసింది. 2వ తేదీ ఉదయం బేగంపేట నుంచి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద గల్లంతైంది. వైమానిక దళం హెలికాప్టర్లు, సుఖోయ్ విమానం, ఇస్రో సాయం, సీఆర్పీఎఫ్, గ్రేహౌండ్స్, దారి తెలిసిన గిరిజనులు అందరూ కదిలారు. మర్నాడు ఉదయానికల్లా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. హెలికాప్టర్‌లో ఉన్న ఐదుగురూ చనిపోయారు. అంత దట్టమైన అడవిలో, ఆ వానలో ఒక్క రోజులో దొరకడం మామూలు విషయం కాదు. తర్వాత విచారణ ప్రధానంగా హెలికాప్టర్ ఎందుకు కూలింది, పైలట్లు ఏం చేశారు అన్నదాని మీద నడిచింది. ఆ గాలింపు నుంచి నల్లమల అంచున మన్ననూరులోనో, అచ్చంపేటలోనో శాశ్వతంగా ఒక చిన్న టీం అయినా మిగిలి ఉండాల్సింది. మిగల్లేదు. ముఖ్యమంత్రి కోసం కదిలిన యంత్రాంగం ముఖ్యమంత్రి కోసమే కదిలింది అనుకోవాలా?

నెల తిరిగేసరికి కృష్ణకు వరద. 2009 అక్టోబర్ మొదటి వారంలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వచ్చింది. కర్నూలుతో పాటు ఇవతలి ఒడ్డున అలంపూర్, రాజోలి మునిగాయి. మళ్లీ హెలికాప్టర్లు, మళ్లీ సైన్యం, మళ్లీ ఈతగాళ్లు.

అప్పటికి చట్టం లేక కాదు. 2005లోనే విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. విపత్తు నిర్వహణ రాజ్యాంగంలోని మూడు జాబితాల్లో దేనిలోనూ లేకపోవడంతో, ఉమ్మడి జాబితాలోని సామాజిక భద్రత అంశం కింద దాన్ని తెచ్చారు. దాని ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉండాలి, జిల్లా ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సవరించాలి. డబ్బు విషయంలో, మన రాష్ట్రాల్లాంటి చోట్ల రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. ఆ నిధిని కాగ్ ఆడిట్ చేస్తుంది. నిబంధనల్లో గాలింపు, రక్షణ ఖర్చులకు, పడవల అద్దెకు చోటుంది. సన్నద్ధతకు, శిక్షణకు కూడా 15వ ఆర్థిక సంఘం విడిగా 10 శాతం కేటాయించింది.

మరి ఇబ్బంది ఎక్కడ? జాబితాలో. 2025 నాటికి కేంద్రం నోటిఫై చేసిన విపత్తులు 12: తుపాను, కరువు, వరద, భూకంపం, కొండచరియలు, వడగళ్లు ఇలా. అడవిలో ఒక మనిషి తప్పిపోవడం, పుట్టి బోల్తా పడటం, సొరంగం కూలడం అందులో లేవు. లేనివాటి కోసం నిధిలో 10 శాతం వరకు వాడుకునే వీలు రాష్ట్రానికి ఉంది, ముందుగా వాటిని రాష్ట్ర విపత్తులుగా ప్రకటించాలంతే. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను అలాగే ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల ఎక్స్‌గ్రేషియా పెట్టింది. కాబట్టి దారి లేదనలేం. అయితే ఆ జీవోలో కూడా డబ్బు మనిషి పోయిన తర్వాతే వస్తుంది.

రాష్ట్రం విడిపోయాక ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. పదేళ్ల పాటు తెలంగాణకు సొంత బలగం లేదు. 2024 సెప్టెంబర్ వరదల్లో ఖమ్మం మున్నేరు వంతెన మీద గంటల తరబడి చిక్కుకున్న తొమ్మిది మందిని చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తెచ్చాడు. రాష్ట్రమంతా ఆ వీడియో చూసింది. అదే ఏడాది డిసెంబర్‌లో స్పెషల్ పోలీసు, ఫైర్ సిబ్బందితో ఎస్డీఆర్ఎఫ్ మొదలైంది. మూడు నెలలు తిరక్కుండా దానికి ఎదురైన పరీక్ష దోమలపెంట.

పైగా అది మామూలు పరీక్ష కాదు. 43.93 కిలోమీటర్ల ఈ సొరంగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం కింద నుంచి వెళ్తుంది. మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తవ్వడానికి వీల్లేదు. రెండు కొసల నుంచే పని, రక్షణ కూడా ప్రమాదం జరిగిన ఆ కొస నుంచే. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెలకు నీళ్ల కోసం మొదలైన ప్రాజెక్టు ఇది, అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ 14 కిలోమీటర్లు లోపలికి మనిషిని పంపేటప్పుడు, ఏదైనా జరిగితే ఎవరు ఎంతసేపట్లో చేరుకుంటారో కాంట్రాక్టులోనే రాసి, ఖర్చు అంచనాలోనే చేర్చి ఉండాల్సింది.

అలా రాసే పద్ధతి ఇదే రాష్ట్రంలో ఇంకోచోట ఉంది. సింగరేణి రెస్క్యూ టీం ఎవరి దయా కాదు. గనుల చట్టం కింద 1985లో వచ్చిన గనుల రెస్క్యూ నిబంధనల ప్రకారం గని యజమానే రక్షణ స్టేషన్ నడపాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ఖర్చు భరించాలి. గనుల భద్రతా డైరెక్టరేట్ తనిఖీ చేస్తుంది. సొరంగ నిర్మాణం గని కాదు, భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం పరిధిలోది. అందుకే బొగ్గు గని టీం పక్క శాఖ ప్రమాదానికి సాయంగా రావాల్సి వచ్చింది. దోమలపెంట కథలో నాకు అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇదే.

2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన విపత్తు నిర్వహణ చట్ట సవరణ, రాష్ట్ర దళాలకు చట్టంలో చోటిచ్చింది. దళం పెట్టుకోవడం రాష్ట్రం ఇష్టం, దాన్ని నడిపే భారం కూడా రాష్ట్రానిదే. ఆ దళం హైదరాబాద్ నుంచి అమ్రాబాద్ చేరేలోపు మొదటి గంటల్లో వెతికేది మళ్లీ చెంచు యువకులు, మత్స్యకారులే. చైత్ర పౌర్ణమి జాతరకు నల్లమలలోని సలేశ్వరం లోయలోకి వేల మంది దిగినప్పుడు కూడా అంతే. వాళ్ల పేర్లు, రోజు కూలి, బీమా, తాళ్లు, లైఫ్ జాకెట్లు జిల్లా ప్రణాళికలో రాయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఏటా సవరించాలని చట్టం చెప్పే ఆ ప్రణాళికను తయారు చేసేది కలెక్టర్ అధ్యక్షతన ఉన్న జిల్లా సంస్థే, ఆమోదించేది రాష్ట్ర సంస్థ.