సెంట్రింగ్ లేని డోమ్: అపోహలు, వాస్తవాలు

ఇటలీలోని ఫ్లోరెన్స్ కథీడ్రల్ డోమ్ మీద వచ్చే వీడియోల పుణ్యమా అని నాకు ఇళ్ళు కట్టే సైట్లో కొత్త తలనొప్పి మొదలైంది. దాన్ని కట్టిన బ్రూనెల్లెస్కీ ఏ ఆధారమూ లేకుండా గాల్లో కట్టేశాడట!

ఆయన మానేసింది కింద నుంచి లేపే సెంట్రింగ్‌ని, అంటే కట్టడం గట్టిపడేదాకా మోసే తాత్కాలిక చట్రాన్ని మాత్రమే. డోమ్ మొదలయ్యేదే నేలకు 50 మీటర్ల పైన, దాని వెడల్పేమో 45 మీటర్ల దాకా, అంత కలప ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఇటుకలు పరిచిన వరసల్లో అక్కడక్కడా కొన్నిటిని నిలువుగా నిలబెట్టి, చేప ముల్లులా పేర్చుకుంటూ పోయారు. ఇటుకల్ని అతికించే మాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు మధ్యలోవి జారకుండా ఈ నిలువు ఇటుకలే పట్టుకుంటాయి. వరస చుట్టూ తిరిగి మూసుకుందంటే ఇక తనని తనే మోసుకుంటుంది. బయటికి తన్నే బలానికి రాతి గొలుసులు, ఒక కలప గొలుసు వేశారు. డోముకి పొరలు రెండు, లోపలిది అడుగున 2 మీటర్లకు పైగా మందం. అంటే ఆధారం గోడలోనే ఉంది.

మీ ఆర్‌సీసీ స్లాబులో ఆ మూసుకునే వరస ఏదండీ? ఒక ఓనరు గారు హాలు స్లాబు వేసిన కొద్ది రోజులకే సెంట్రింగ్ విప్పేద్దామన్నారు. "ఆరొందల ఏళ్ళ కిందే సెంట్రింగ్ లేకుండా కట్టారు, మీకెందుకు సార్ టెన్షన్?" సెంట్రింగ్ అద్దె పెరిగిపోతోందని ఆయన బాధ, అది నాకూ తెలుసు. కానీ కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద ఆధారాలు కనీసం 14 రోజులు ఉండాలి, స్పాను 6 మీటర్లు దాటిన బీము కింద 21. నెమ్మదిగా బలం పుంజుకునే పీపీసీ సిమెంటైతే ఇంకా ఎక్కువే. కుదరదన్నాను, ఆయన కొన్నాళ్ళు నా ఫోనెత్తలేదు.

ఇంకో అపోహ: ఆ డోముకి ప్లానూ లేదు, లెక్కా లేదు, అంతా మేస్త్రీ తెలివేనట. డోమ్ ఎలా కట్టాలో తేల్చడానికి పెట్టిన 1418 పోటీకి ఇటుకలతో మోడల్ కట్టి చూపించిన మనిషి బ్రూనెల్లెస్కీ. 1420లో పని మొదలయ్యేటప్పటికే పొరల మందాలు, గొలుసులు అన్నీ కాగితం మీద ఉన్నాయి.

ఒక్కడే కట్టాడా? మొదట్లో శిల్పి గిబెర్తీ సమాన హోదాలో ఉన్నాడు, మేస్త్రీలు వేరే. గుడ్డుని నిలబెట్టి పని దక్కించుకున్నాడనే కోడిగుడ్డు కథ బ్రూనెల్లెస్కీ పోయాక వందేళ్ళకు రాసింది, వదిలేయండి.

ఇక డోములో పగుళ్ళు. ఇటలీ టికెట్లు కొనుక్కున్నాక "పడిపోతుందట కదా" అని భయపడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. పగుళ్ళు నిజమే, ఈనాటివి కావు. ఎండకీ చలికీ కాస్త కదులుతుంటాయి, దశాబ్దాలుగా పరికరాలు పెట్టి కొలుస్తూనే ఉన్నారు. ధైర్యంగా ఎక్కండి. 463 మెట్లు, లిఫ్టు లేదు, మోకాళ్ళ సంగతి చూసుకుని టికెట్ ముందే బుక్ చేసుకోండి. దారి రెండు పొరల మధ్య నుంచే, ఆ చేప ముల్లు వరసలు దగ్గర్నుంచి చూడొచ్చు.