ఒంటిచేతి పిస్టల్ గురి: అపోహలు - వాస్తవాలు

జ్యోతి సురేఖ పుణ్యమా అని విజయవాడలో విలువిద్య అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. పిస్టల్ షూటింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పిల్లల్ని మా శిక్షణ హాలుకు తీసుకొచ్చే తల్లిదండ్రుల కళ్ళముందు సినిమా తుపాకీయే కదులుతుంటుంది. గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండును వదిలే పిస్టల్‌తో పది మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని కొట్టే ఆటను, అంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌ను, పదేళ్లకు పైగా నేర్పుతున్నాను. మొదటి రోజు వినిపించే మాటలు ఏటా అవే. వాటిలో కొన్ని పిల్లల ఆటను నిజంగా పాడుచేస్తున్నాయి.

అపోహ: చేయి వణికేవారికి ఈ ఆట రాదు.

ఈ ఒక్క మాట నమ్మి వారం తిరగకుండానే మానేసిన పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చాచిన చేతి చివర దాదాపు కిలో బరువు పెట్టుకుని, చేతిని రాయిలా నిలపగలిగిన మనిషి లేడు. ఒలింపిక్ విజేతల చేయీ కదులుతుంది, కాకపోతే తక్కువగా కదులుతుంది.

లెక్క వేసి చూడండి. లక్ష్యం మధ్యలో ఉండే 10 వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. గురి చూడటానికి పిస్టల్ మీద ముందు ఒక దిమ్మె, వెనుక ఒక గాడి ఉంటాయి, వాటినే సైట్లు అంటాం. ఆ ముందు, వెనుక సైట్లు చక్కగా కలిసి ఉండగా చేయి మొత్తం 6 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకుందాం. పెల్లెట్ కూడా ఆ 6 మిల్లీమీటర్ల పక్కనే పడుతుంది. దాని అంచు గీతను తాకినా ఎక్కువ పాయింటే ఇస్తారు కనుక మీకు 10 వచ్చినట్టే. ఇప్పుడు చేయి కదలలేదు గానీ, మణికట్టు కాస్త విరిగి ముందు సైటు వెనుక సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగిందనుకుందాం. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు, లక్ష్యం 10 మీటర్ల అవతల. ఆ ఒక్క మిల్లీమీటరు అక్కడికి చేరేసరికి 28 మిల్లీమీటర్లు దాటుతుంది. వచ్చేది 7.

అంటే పాయింట్లు పోయేది వణుకు వల్ల కాదు, మణికట్టు విరుపు వల్ల. ఆ విరుపుకు మూలం ఆత్రం. లక్ష్యం మధ్యలోని నల్లచుక్క కిందికి సైటు కుదురుగా రాగానే "ఇదే అదను" అని వేలు ఒక్క ఉదుటున లాగేస్తుంది. పటమట నుంచి వచ్చే ఒక అమ్మాయికి ఇదే జబ్బు ఉండేది. లక్ష్యం తీసేసి, ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ ముందు నిలబెట్టాను. చుక్క లేదు కాబట్టి అదనూ లేదు. వేలు నెమ్మదిగా వెనక్కి వస్తున్నప్పుడు సైట్లు చెదరకుండా చూడటమే పని. మూడు వారాలు పెల్లెట్ ముట్టనివ్వలేదు. వాళ్ళ నాన్నగారు ఫీజు కట్టింది గోడ చూడటానికా అని అడిగారు కూడా. ఆ తరువాత ఆమె కార్డు మీద 7లు దాదాపు కనబడకుండా పోయాయి.

అపోహ: నల్లచుక్క స్పష్టంగా కనబడాలి.

కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. ముందు సైటు పదునుగా కనబడాలి, చుక్క మసకగానే ఉండాలి. పై లెక్క అర్థమైతే ఎందుకో ఇక చెప్పనక్కరలేదు.

అపోహ: వేగం రావాలంటే గబగబా కాల్చడం అలవాటు చేసుకోవాలి.

25 మీటర్ల రాపిడ్ ఫైర్ చూసినవారు ఇలా అనుకోవడం సహజమే. వరుసగా ఐదు లక్ష్యాలు, ఒక్కోదానికి ఒక్కో గుండు. ఐదింటికీ కలిపి మొదట 8 సెకన్లు, తరువాత 6, చివరికి 4. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన విజయ్ కుమార్ రజతం గెలిచింది ఈ పోటీలోనే. అయితే జాగ్రత్తగా గమనించండి. అక్కడ ఎవరి వేలూ తొందరపడదు. 45 డిగ్రీల కోణంలో కిందికి ఉన్న చేయి పైకి లేస్తుండగానే ట్రిగ్గర్ మొదటి ఒత్తిడి పడిపోతుంది. చేయి ఆగేసరికి గుండు వెళ్ళిపోతుంది. తరువాత కన్ను ముందు పక్క లక్ష్యానికి వెళ్తుంది, దాని వెనుకే పిస్టల్ వెళ్తుంది. నడుము నుంచి పైభాగమంతా ఒకటిగా తిరుగుతుంది, చేయి ఒక్కటే కాదు. వేగం ఈ వృథా లేని కదలికల్లో ఉంది. అందుకే నా దగ్గర వేగం సాధన చేతిని ఎత్తడంతో మొదలవుతుంది. ఎత్తిన ప్రతిసారీ సైట్లు వాటంతట అవే కలిసి కనబడే వరకు గడియారం జోలికి వెళ్ళం.

ఎయిర్ పిస్టల్ పోటీలో అయితే 60 షాట్లకు 75 నిమిషాలు ఉంటాయి. అంటే ఒక్కోదానికి 75 సెకన్లు. అయినా గురిలో పదిహేను సెకన్లు నిలబడిపోయే పిల్లలు ఉన్నారు. ఊపిరి బిగబట్టి అంతసేపు చూస్తే చూపు మసకబారుతుంది, భుజం జారుతుంది. ఆరేడు సెకన్లలో పెల్లెట్ వెళ్ళకపోతే చేయి దించేయమంటాను. దించడం ఓటమి కాదని పిల్లలకు నమ్మకం కలిగించడమే నా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని.

అపోహ: రెండో చేయి జేబులో పెట్టుకోవడం దర్పం కోసం.

2024 పారిస్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో ఫోన్లన్నీ చుట్టివచ్చాక ఈ మాట ఎక్కువైంది. వేలాడే చేయి ఒళ్ళును ఊపుతుంది. దాన్ని జేబులోనో బెల్టుకో కుదురుగా ఉంచితే ఆ ఊపు ఆగుతుంది. దాదాపు అందరూ చేసేదే.

అపోహ: పుట్టుకతో వచ్చిన కుడి, ఎడమ చేతివాటాన్ని మార్చలేం.

హంగేరీకి చెందిన కారోలీ టకాచ్ కుడిచేయి 1938లో గ్రెనేడ్ పేలి దెబ్బతింది. ఆయన ఎడమచేతితో మొదటి నుంచి నేర్చుకుని 1948 లండన్‌లోను, 1952 హెల్సింకిలోను రాపిడ్ ఫైర్ స్వర్ణాలు గెలిచారు. మా పిల్లలందరిచేతా వారానికి ఒకరోజు రెండో చేతితో గోడ సాధన చేయిస్తాను. కుడిచేతికి తెలియకుండానే చేసేస్తున్న తప్పులు అప్పుడు బయటపడతాయి.

అపోహ: ఎయిర్ పిస్టలే కదా, ప్రమాదం లేదు.

ఖాళీ అని మీకు తెలిసినా మనిషి వైపు తిప్పకూడదు. ఇంట్లో గోడ సాధన చేసేటప్పుడు పెల్లెట్ల డబ్బా వేరే గదిలో ఉండాలి. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: పెల్లెట్లు సీసంతో చేసినవి. వాటిని తాకిన వేళ్ళకు సీసం అంటుతుంది. మనం చేత్తో కలుపుకుని తినే మనుషులం. సాయంత్రం సాధన ముగించి నేరుగా పునుగుల బండి దగ్గరికి పరుగెత్తే పిల్లలను గుమ్మం దగ్గరే ఆపుతాను. హాలు బయట కుళాయి, సబ్బు పెట్టించింది అందుకే.