4066 బొమ్మ చూసి కంగారు పడేవాళ్లకి: అనలాగ్ స్విచ్ చిప్పుల మీద అపోహలు - వాస్తవాలు

నేను నెల్లూరులో కీబోర్డులు, ఆంప్లిఫైయర్లు బాగుచేస్తా, రాత్రిళ్లు సొంతంగా సింథ్ (సింథసైజర్, కరెంటుతో సౌండ్ పుట్టించే వాయిద్యం) మాడ్యూళ్లు కట్టుకుంటా. కావలి నుంచి, ఒంగోలు నుంచి పిల్లలు స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) ఫోటో పంపి "అన్నా, ఈ స్విచ్ ఎట్టా పనిచేస్తది, దీనికి సప్లై యాడుంది" అని అడుగుతా ఉంటారు. అందరికీ కలిపి ఇక్కడే రాస్తన్నా. 4066 అంటే కరెంటుతో తెరిచి మూసే స్విచ్చులున్న చిప్పు, సౌండ్ సిగ్నల్ని పోనిచ్చేదీ ఆపేదీ అదే.

అపోహ: బొమ్మలో 4066 నాలుగు చోట్ల ఉంది కాబట్టి నాలుగు చిప్పులు కావాలి.
ఒక్కటి చాలు. 14 కాళ్ల చిప్పులో నాలుగు స్విచ్చులుంటాయి, గీసేవాళ్లు వీలు కోసం ఏ, బీ, సీ, డీ అని విడదీసి తలా ఒక చోట పెడతారు. సప్లై కాళ్లు 14, 7 మాత్రం ఏదో మూలన విడిగా గీస్తారు, కొన్ని బొమ్మల్లో అసలు గీయరు కూడా. నేనైతే ఏ బొమ్మైనా ముందు ఆ మూలే వెతుకుతా, ఎందుకో కిందుంది.

అపోహ: ఒక కాలు ఇన్‌పుట్, ఇంకోటి అవుట్‌పుట్.
స్విచ్‌లో సిగ్నల్ రెండు వైపులా పారుద్ది. మన కృష్ణపట్నం వైపు ఉప్పుటేరు మీద తూము చూసినోళ్లకి ఇది తేలిక, పోటొస్తే నీళ్లు ఇటు, పాటొస్తే అటు, తలుపు తీసేది మాత్రం వేరే మనిషి. ఆ మనిషే కంట్రోల్ కాలు.

అపోహ: సింథ్ సప్లై ప్లస్ 12, మైనస్ 12 కదా, అదే 4066కి ఇచ్చేయొచ్చు.
దయచేసి ఇవ్వొద్దు. రెండూ కలిపితే 24 వోల్ట్‌లు, సీడీ4066 (పేరు ముందు సీడీ అని ఉండే రకం) వాడాల్సిన హద్దు 18. నేను మొదట్లో ఇట్టాగే ఒకటి కాల్చా, వేలు పెట్టలేనంత వేడెక్కింది. సిగ్నల్ ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఊగుతుంటే చిప్పు సప్లై కూడా కనీసం అంత ఉండాలి, సిగ్నల్ సప్లైని దాటితే లోపలి డయోడ్లు తెరుచుకుని సౌండ్ పాడవుద్ది, ఒక్కోసారి చిప్పే పోద్ది. ఇంకో చిక్కు, ప్లస్ 5, మైనస్ 5 ఇచ్చి కంట్రోల్ కాలికి ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) నుంచి 0, 5 పంపితే 0 దానికి ఆఫ్ కాదు, నడిమధ్య, ఆఫ్ కావాలంటే మైనస్ 5 దగ్గరికి దిగాల్సిందే. చానామంది ఇక్కడే రోజులు పోగొట్టుకుంటారు. ఇట్టాంటి చోట 4053 అనే ఇంకో స్విచ్ చిప్పు వాడండి, దానికి వీఈఈ (మైనస్ సప్లై) అని 7వ కాలు విడిగా ఉంది, మైనస్ 5 దానికిచ్చి 8ని గ్రౌండ్‌కి, 16ని ప్లస్ 5కి కలిపితే 0, 5 కంట్రోల్‌తోనే రెండు వైపులా ఊగే సిగ్నల్ నడుస్తది.

అపోహ: ఆన్ అయితే వైరుతో సమానం.
15 వోల్ట్‌ల సప్లై దగ్గర కూడా దాదాపు 125 ఓంలు ఉంటది, సప్లై తగ్గితే ఇంకా పెరుగుద్ది. అసలు బాధ అది కాదు, సిగ్నల్ ఊగేకొద్దీ ఆ ఓంలు కూడా మారతాయి, డిస్టార్షన్ అక్కడి నుంచే. అవతల 100కే (లక్ష ఓంలు) లాంటి పెద్ద లోడ్ ఉంటే పట్టించుకోనక్కర్లా. ఇంకా మంచిది, ఇన్వర్టింగ్ ఆప్‌యాంప్ (సిగ్నల్ని తిరగేసి ఇచ్చే ఆంప్లిఫైయర్ చిప్పు) మైనస్ కాలి ముందు, 100కే రెసిస్టర్ తర్వాత స్విచ్ పెట్టడం, ఆడ వోల్టేజ్ ఎప్పుడూ దాదాపు సున్నా కాబట్టి ఓంలు మారవు. కానీ స్విచ్ ఆఫ్ అయిన నిమిషంలో పూర్తి సిగ్నల్ ఆ కాలి మీద పడుద్ది, అందుకే మంచి బొమ్మల్లో అక్కడ క్లాంప్ డయోడ్లు (వోల్టేజ్ హద్దు దాటకుండా పట్టి ఉంచేవి) కనపడతాయి, అనవసరమని తీసేయకండి.

అపోహ: స్విచ్ మారేటప్పుడు టప్ మని సౌండొస్తే చిప్పు డూప్లికేట్.
ఎక్కువసార్లు కాదు. స్విచ్ రెండు పక్కలా డీసీ (ఊగకుండా నిలిచుండే వోల్టేజ్) వేరుగా ఉంటే టప్ మంటది, దానికి కెపాసిటర్ పెట్టి స్విచ్ కాలిని 1 మెగఓం‌తో గ్రౌండ్‌కి దించండి. అప్పటికీ చిన్నగా వినపడితే కంట్రోల్ అంచు లోపలి కెపాసిటెన్స్ గుండా సిగ్నల్‌లోకి దూకుతున్నట్టు.

వాడని స్విచ్చుల కంట్రోల్ కాళ్లు గాల్లో వదలొద్దు, మైనస్ సప్లైకి కట్టేయండి.

అపోహ: నంబర్ చివర 4066 ఉంటే ఏదైనా ఒకటే.
కాళ్ల వరస ఒకటే, వోల్టేజ్ ఒకటి కాదు. 74హెచ్‌సీ4066 చానా తయారీల్లో పది వోల్ట్‌లు దాటి తట్టుకోదు, కొన్ని తయారీలవి అంత కూడా కాదు. పినాకిని రైల్లో చెన్నై పోయి రిచీ స్ట్రీట్‌లో కొనేవాళ్లు షాపాయన్ని "4066" అని మాత్రం అడగొద్దు, సీడీ అని గట్టిగా చెప్పి, చేతికొచ్చినాక చిప్పు మీద అక్షరాలు చదివి తీసుకోండి.