చెవిటి రిపీటరు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మా హామ్ రేడియో వాళ్లలో (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే వాళ్లం) ఒక పాత జోకు ఉంది. రిపీటర్ పెట్టడానికి మనం కొండెక్కుతాం, నెల తిరక్కుండా రిపీటరే కొండెక్కుతుంది. టూల్ కిట్టు, అన్నం క్యారేజీ, రెండు మంచినీళ్ల బాటిళ్లు మోసుకుంటూ మెట్లెక్కే లోపే ఎవరో ఒకరు ఫోన్ చేసి రోగం ఏమిటో, మందు ఏమిటో చెప్పేస్తారు. చాలామటుకు రెండూ తప్పే. ఆ ఫోన్లలో మళ్లీమళ్లీ విన్నవే ఇక్కడ రాస్తున్నాను.

హామ్‌లు కాని వాళ్ల కోసం ఒక్క మాట. చేతిలో ఉండే చిన్న సెట్టు నేల మీద నుంచి ఎంతో దూరం పోదు. అందుకని ఎత్తయిన చోట ఒక స్టేషన్ పెడతాం. అదే రిపీటర్. అది ఒక ఫ్రీక్వెన్సీలో విని, విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో పంపుతుంది. మన దేశంలో రెండు మీటర్ల బ్యాండ్ అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఇందులో వినడానికీ పంపడానికీ మధ్య తేడా మామూలుగా 600 కిలోహెర్ట్జ్. 145.700లో పంపే రిపీటర్ 145.100లో వింటుంది. కింద చెప్పబోయే తలనొప్పుల్లో ముప్పాతిక వంతు ఈ చిన్న తేడాలోనే ఉంది.

అపోహ: వాట్లు పెంచితే రేంజి పెరుగుతుంది

అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టించేది ఈ నమ్మకమే. ఎవరో విరాళం ఇస్తారు, క్లబ్బు వాళ్లు 100 వాట్ల యాంప్లిఫయర్ కొంటారు. ఆ మర్నాటి నుంచి ఊరవతల వాళ్లందరికీ రిపీటర్ గణగణమని వినిపిస్తుంది. సంతోషపడి వాళ్లు తమ 5 వాట్ల హ్యాండీ (చేతి సెట్టు) తీసి పీటీటీ, అంటే మాట్లాడే బటన్, నొక్కుతారు. రిపీటర్‌లో చలనం ఉండదు. వాళ్ల గొంతు దానికి చేరట్లేదు. ఇలాంటి రిపీటర్లకు ప్రపంచమంతా హామ్‌లు పెట్టుకున్న పేరు మొసలి. నోరు పెద్దది, చెవులు కనపడవు.

వినేవైపు బాగుపడకుండా పంపేవైపు ఎంత పెంచినా సంభాషణ జరగదు. పైగా 10 వాట్లను 40 చేసినా పెరిగేది 6 డీబీ (డెసిబెల్, శక్తి ఎన్ని రెట్లో చెప్పే కొలత), అంటే సిగ్నల్ మీటర్ మీద ఒక్క గీత. అదే ఎత్తయితే లెక్క వేరు. యాంటెన్నా చుట్టుపక్కల నేల కంటే 100 మీటర్ల ఎత్తులో ఉంటే దాని రేడియో దిగంతం (తరంగాలు నేరుగా చేరే దూరం) సుమారు 41 కిలోమీటర్లు, 400 మీటర్లయితే 82. నేల మీద నిలబడ్డ మనిషి హ్యాండీకి ఆ దిగంతం 5 కిలోమీటర్లే. కొండ ఎందుకెక్కుతామో అర్థమైంది కదా.

వాట్ల మీద భ్రమ పోవాలంటే మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఒక ఉపగ్రహాన్ని తలుచుకుంటే చాలు. 2005 మే 5న పీఎస్ఎల్వీ-సీ6 మీద కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహం కూడా వెళ్లింది. బరువు 42.5 కిలోలు. అందులోని ట్రాన్స్‌పాండర్ (విన్నదాన్ని తిరిగి పంపే భాగం) పంపింది ఒక వాట్. అంతే శక్తితో 600 కిలోమీటర్ల పైనుంచి, 2014లో మూగబోయేదాకా, దేశదేశాల హామ్‌ల మాటలు మోసింది. అడ్డం లేకపోతే వాట్ సరిపోతుంది. అడ్డంగా కొండ ఉంటే వంద వాట్లు కూడా కొండకే తగులుతాయి.

వేసవి సాయంత్రాల్లో కోస్తా తీరాన ఇంకో తమాషా జరుగుతుంది. సముద్రం మీద గాలి పొరలు సొరంగంలా ఏర్పడి, వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తాయి. ఆ రోజు క్లబ్బు వాళ్లు "చూశారా, మా కొత్త యాంప్లిఫయర్" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను.

అపోహ: రెండు సెట్లు వీపుకి వీపు కట్టేస్తే రిపీటర్ అయిపోతుంది

మొదటి సెట్టు స్పీకర్ వైరు తెచ్చి రెండో సెట్టు మైకుకి కలిపితే మాట దాటుతుంది, నిజమే. బల్ల మీద చక్కగా పనిచేస్తుంది కూడా. మనం దాని పక్కనే నిలబడి హ్యాండీతో పరీక్షిస్తాం కాబట్టి. దాన్ని కొండ మీద పెట్టి పది కిలోమీటర్లు వెళ్లాకే అసలు సంగతి బయటపడుతుంది.

లెక్క చూడండి. మంచి రిసీవర్ పావు మైక్రోవోల్టు సిగ్నల్‌ని కూడా వింటుంది. పక్కనే అదే క్షణంలో 20 వాట్లు అరుస్తున్నాయి. ఈ రెండు శక్తుల మధ్య తేడా సుమారు 162 డీబీ. మామూలు భాషలో చెప్పాలంటే నూట అరవై కోట్ల కోట్ల రెట్లు. రథోత్సవంలో డప్పుల మధ్య నిలబడి పొరుగూరిలో ఎవరో గుసగుసలాడితే వినమన్నట్టు.

ఇందులో ఇబ్బందులు రెండు. చాలామంది ఒకటే చూస్తారు. మొదటిది, ట్రాన్స్‌మిటర్ బలానికి రిసీవర్ ముందు భాగం దిమ్మెరపోవడం. రెండోది, ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీలోనే బుద్ధిగా ఉండకపోవడం. అది చుట్టుపక్కలంతా సన్నగా నాయిస్ చిమ్ముతుంటుంది. ఆ నాయిస్‌లో కొంత సరిగ్గా మనం వినే ఫ్రీక్వెన్సీలోనే పడుతుంది. పడ్డాక రిసీవర్ వైపు ఎన్ని ఫిల్టర్లు పెట్టినా తీయలేం. దాన్ని పుట్టినచోటే, ట్రాన్స్‌మిటర్ వైపే ఆపాలి.

ఈ రెండు పనులూ చేసేది డూప్లెక్సర్, అంటే ఒకే యాంటెన్నా మీద పంపేదాన్నీ వినేదాన్నీ విడదీసే ఫిల్టర్. రెండు మీటర్ల బ్యాండ్‌లో 600 కిలోహెర్ట్జ్ తేడాకి సుమారు 85 నుంచి 90 డీబీ విడదీయగలగాలి. దానికి పావు తరంగం పొడవు కావిటీలు కావాలి. అంటే మూరెడు పైన పొడవున్న లోహపు డబ్బాలు, మామూలుగా ఆరు. అరచేతిలో పట్టే చవక డూప్లెక్సర్లు అమ్ముతారు కదా, అవి నాలుగైదు మెగాహెర్ట్జ్ తేడా ఉండే వాడకానికి. వాటిని కొని మోసపోయానని చెప్పేవాళ్లు ఎక్కువమందే ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

"డూప్లెక్సర్ ఎందుకండీ, రెండు యాంటెన్నాలు దూరంగా పెడితే పోలా" అని అడుగుతారు. ఒకే టవర్ మీద ఒకదాని పైన ఒకటి 20 మీటర్ల ఎడంతో పెడితే వచ్చేది 67 డీబీ. పక్కపక్కన అయితే 100 మీటర్ల దూరం పెట్టినా 56 దాటదు. మిగతాదానికి మళ్లీ కావిటీలే గతి. హామ్‌శాట్‌లో ఈ గొడవ ఇంత లేదు. అది 435 మెగాహెర్ట్జ్‌లో విని 145లో పంపేది. బ్యాండే వేరైతే పని సగం తేలికవుతుంది.

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 ఉంది, కాబట్టి యాంటెన్నా భేష్

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె; 1 అయితే ఏమీ రానట్టు. డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు పెట్టే, శక్తిని వేడిగా మార్చేసే రెసిస్టర్) కూడా అది 1.0 ఉంటుంది. దానితో పక్క వీధికి కూడా మాట్లాడలేం.

కిందనుంచి కొలిచే ఎస్‌డబ్ల్యూఆర్ కేబుల్ నష్టం వెనక దాక్కుంటుంది. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6 డీబీ పోతుంది. 20 వాట్లు పంపితే పైకి చేరేది 5. అదే కేబుల్లోకి నీళ్లు దిగి నష్టం 10 డీబీ అయిందనుకోండి. పైన యాంటెన్నా పూర్తిగా ఊడి కింద పడినా మీటరు 1.2 చూపిస్తూనే ఉంటుంది. వెళ్లిన శక్తి పోను పోను, తిరిగొచ్చేది రాను రాను తగ్గిపోతుంది కాబట్టి.

ఒక తుపాను సీజన్ తర్వాత మా రిపీటర్‌కి ఇదే జరిగింది. ఎస్‌డబ్ల్యూఆర్ అంతకుముందు కంటే బాగైంది. బాగైందని మేం టీ తాగాం. పదిహేను రోజుల తర్వాత కేబుల్ కోస్తే లోపల రాగి అల్లిక పచ్చగా, నల్లగా మారి ఉంది. ఏ కారణమూ లేకుండా ఎస్‌డబ్ల్యూఆర్ బాగుపడితే ఇప్పుడు నాకు టెన్షన్ మొదలవుతుంది.

అన్నట్టు, అల్యూమినియం రేకు మీద టిన్ పూత రాగి అల్లిక ఉన్న కేబుళ్లు నష్టం తక్కువని కొంటారు. మామూలు స్టేషన్‌కి బాగానే ఉంటాయి. ఒకే కేబుల్లో పంపడం, వినడం రెండూ జరిగే రిపీటర్‌లో మాత్రం ఆ రెండు లోహాల రాపిడి చిటపటలు పుట్టిస్తుంది. హార్డ్‌లైన్ (అల్లిక బదులు గట్టి లోహపు గొట్టం ఉన్న కేబుల్) దొరక్కపోతే రెండు పొరల రాగి అల్లిక ఉన్నదైనా తీసుకోండి.

అపోహ: సరిగా వినపడకపోతే డూప్లెక్సర్ మరలు కాస్త తిప్పాలి

దండం పెడతాను, తిప్పొద్దు. బ్యాంక్ లాకర్‌లా చూసుకోండి దాన్ని.

ముందు తేల్చాల్సింది ఒకటే: రిపీటర్ నిజంగా చెవిటిదైందా, లేక తన అరుపుకి తానే చెవిటిదవుతోందా? యాంటెన్నా తీసేసి డూప్లెక్సర్‌కి డమ్మీ లోడ్ తగిలించండి. చిన్న సిగ్నల్‌ని నేరుగా వైరుతో కాకుండా శాంప్లర్ (లైన్లోకి కొద్దిపాటి సిగ్నల్‌నే కలిపే అడాప్టర్) గుండా లోపలికి పంపి, కరకరతో ఉన్న మాట వినిపించేంత వరకు తగ్గించండి. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయండి, ఆఫ్ చేయండి. ఆన్ చేసినప్పుడు కరకర పెరిగితే తప్పు డూప్లెక్సర్‌లోనో, సెట్ల మధ్య ఉండే చిన్న కేబుళ్లలోనో ఉంది. డమ్మీ లోడ్‌తో తేడా రాకుండా, యాంటెన్నా పెట్టగానే వస్తే తప్పు పైనెక్కడో ఉంది. ఈ పరీక్షకి పావుగంట చాలు. చేయకుండా మరలు తిప్పి, తర్వాత సరిచేసుకోవడానికి మూడు వారాలు పట్టిన వాళ్లు నాకు తెలుసు.

పైన ఉందని తేలితే గాలివాటం గమనించండి. గాలి వీచినప్పుడే చెవుడు వస్తుంటే తుప్పు పట్టిన క్లాంపు కోసం వెతకండి. తుప్పు కీలు డయోడ్‌లా పనిచేసి లేని సిగ్నళ్లు పుట్టిస్తుంది. సముద్రగాలి తగిలే కొండల మీద ఇది తప్పదు. ఒకసారి దోషి మా యాంటెన్నా కాదు, పక్కన ఎప్పుడో వదిలేసిన టీవీ యాంటెన్నా గొట్టం. కోతులు ఊపితే రిపీటర్ చెవిటిదయ్యేది. దీన్ని కనిపెట్టింది నేను కాదు, మాతో వచ్చిన ఇంటర్ కుర్రాడు. మధ్యాహ్నం చెవుడు, తెల్లవారుజామున బాగు అయితే మాత్రం కావిటీలు వేడికి జరుగుతున్నాయేమో చూడాలి. వాటిలో ఇన్వార్ (వేడికి దాదాపు సాగని లోహం) కడ్డీలు వాడేది ఇందుకే.

నానోవీఎన్ఏ (ఫిల్టర్లు, యాంటెన్నాలు కొలిచే చిన్న పరికరం) కొన్నాం కదా, ట్యూనింగ్ మేమే చేసుకుంటాం అంటారు. చక్కటి పరికరం, నా సంచిలోనూ ఉంటుంది. కానీ అది చూడగలిగే లోతు 70 డీబీ చిల్లర. మనకి కావాల్సిన నాచ్ (ఒక్క ఫ్రీక్వెన్సీని అణచే గొయ్యి) దానికంటే లోతు. సుమారుగా దగ్గరికి తెచ్చుకోవడానికి వాడండి. చివరి మెలిక సిగ్నల్ జనరేటర్, మంచి రిసీవర్ పెట్టుకుని వింటూ తిప్పాలి.

అపోహ: ప్రీయాంప్ పెడితే చెవుడు పోతుంది

ప్రీయాంప్ అంటే వచ్చే సిగ్నల్‌ని రిసీవర్‌కి ముందే పెంచేది. ఊరికి దూరంగా ఉన్న ప్రశాంతమైన కొండ అయితే పోవచ్చు. ఎఫ్ఎం స్టేషన్లు, సెల్ టవర్లు ఉన్న కొండ మీద ప్రీయాంప్ అంటే చెవిపోటు ఉన్నవాడికి మైకు పెట్టడం. దాని ముందు ఒక బ్యాండ్‌పాస్ కావిటీ (మన ఫ్రీక్వెన్సీలనే లోపలికి వదిలేది) తప్పనిసరి.

అపోహ: టోన్ పెడితే ఇంటర్‌ఫెరెన్స్ పోతుంది

పోదు. వినపడటం ఆగుతుంది, అంతే. 88.5 హెర్ట్జ్ లాంటి టోన్ (మాట వెనక చెవికి తెలియకుండా పంపే మంద్రస్వరం) లేని సిగ్నల్‌కి రిపీటర్ తలుపు తీయదు, కానీ ఆ సిగ్నల్ తలుపు బయట నిలబడే ఉంటుంది. మీ సన్నని గొంతు దాన్ని దాటి రావాల్సిందే. ఇంటర్‌ఫెరెన్స్ ఎక్కడినుంచో వెతక్కుండా టోన్ పెట్టి ఊరుకోవడం, ఇంట్లో ఎలక చచ్చిందని అగరొత్తులు వెలిగించడం లాంటిది.

అపోహ: డిజిటల్‌కి మారితే ఇవేవీ ఉండవు

డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతిలో 30 మిల్లీసెకన్ల వంతులు రెండు ఉంటాయి కాబట్టి, ఒకే చానల్లో రెండు సంభాషణలు నడుస్తాయి. అయినా మామూలు డీఎంఆర్ రిపీటర్ పంపుతూనే వింటుంది. అవే కావిటీలు, అదే తుప్పు, అవే కోతులు. అనలాగ్‌లో అయితే కరకర పెరుగుతూ ముందే చెబుతుంది. డిజిటల్ ఏమీ చెప్పకుండా మాట తెగ్గొడుతుంది.

అపోహ: విపత్తు వస్తే రిపీటరే దిక్కు

ఇది నమ్మడం ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు కరెంటు, సెల్ టవర్లు ఎలా పోయాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. రిపీటర్ కూడా ఒక టవరే. దానికీ కరెంటు కావాలి, గాలికి అదీ ఊగుతుంది. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో వీయూ4ఆర్‌బీఐ పేరుతో స్టేషన్ నడుపుతోంది. అక్కడి నుంచి ప్రధాన భూభాగానికి కబుర్లు చేర్చింది హెచ్ఎఫ్ తరంగాలు (పై వాతావరణంలో వంగి దూరం పోయే షార్ట్‌వేవ్). మధ్యలో ఏ రిపీటరూ లేదు.

అందుకే మేం నెలకో ఆదివారం ఉదయం రిపీటర్‌ని కావాలనే ఆపేసి, సెట్టు నుంచి సెట్టుకి నేరుగా సింప్లెక్స్‌లో నెట్ (అందరూ ఒకే వేళకి వచ్చి మాట్లాడే సమావేశం) నడుపుతాం. ఎవరికి ఎవరు వినిపిస్తారో కాగితం మీద రాసుకుంటాం. మొదటిసారి ఆపినప్పుడు నెట్‌లోకి వచ్చింది నలుగురు. రిపీటర్ పాడైందా అని నాకు ఫోన్ చేసింది పదకొండు మంది. అందులో ముగ్గురు యాంప్లిఫయర్ మార్చమన్నారు.