స్టీల్ గిటార్ మీద క్లాసికల్ బాణీలు: అపోహలు, వాస్తవాలు

ఒళ్లో స్టీల్ గిటార్ (తీగల మీద ఉక్కు కడ్డీ, అంటే బార్ జరుపుతూ వాయించే గిటార్) పెట్టుకుని పాశ్చాత్య క్లాసికల్ వాయిస్తానంటే చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు. "దాని మీద అవి వస్తాయా?" అని ఒకటి. "అన్నీ జారుస్తూ పోవడమేగా?" అని ఇంకొకటి. మొదటిదానికి వస్తాయి అని చెప్పేస్తే సరిపోతుంది. రెండోదానికే ఇంత రాయాల్సి వస్తోంది.

అపోహ: స్టీల్ గిటార్ అంటేనే జారడం.

వాస్తవం: ఈ వాద్యానికి జారడం తేలిక, ఆగడమే కష్టం. స్టీల్ బార్ మోగుతున్న తీగ మీద కదిలితే దారిలో ఉన్న స్వరాలన్నీ బయటపడతాయి. వాటిని వినపడనివ్వకూడదంటే కుడి అరచేతి అంచుతో తీగను ఆపి, బార్ జరిపి, అప్పుడు మీటాలి. దీన్నే బ్లాకింగ్ అంటాం. ఎడమ చేతి చివరి వేళ్లు బార్ వెనక తీగల మీద ఆనుకుని ఉండాలి, లేకపోతే ఆ వైపు తీగ కూడా గుయ్‌మంటుంది. కొత్తలో నెలల తరబడి నా సాధన ఇదే. బాణీల జోలికి తర్వాతే వెళ్లాను.

స్కోర్ మీద జారే చోట్లకు మాత్రమే పెన్సిల్ గీత పెట్టుకుంటాను. ఒక సంగీత వాక్యంలో రెండు గీతలు దాటితే ఒకటి చెరిపేస్తాను. పాడేవాళ్లు గొంతు సాగదీసే చోట జారితే బాగుంటుంది. ఎక్కడపడితే అక్కడ జారితే తాగినవాడి నడకే.

అపోహ: మూల రచన ఏ శ్రుతిలో ఉంటే అందులోనే వాయించాలి.

వాస్తవం: బాహ్ మూడో ఆర్కెస్ట్రా సూట్‌లోని 'ఎయిర్' డి మేజర్‌లో ఉంటుంది. లోకం దాన్ని 'ఎయిర్ ఆన్ ద జి స్ట్రింగ్' అంటోందంటే కారణం ఆగస్ట్ విల్‌హెల్మి అనే వయొలిన్ విద్వాంసుడు. మొత్తం బాణీని వయొలిన్ అడుగు తీగ ఒక్కదాని మీదే వాయించడానికి 1871లో దాన్ని సి మేజర్‌కి దించాడు. మనందరికీ తెలిసిన ఆ పేరు ఆయన అరేంజ్‌మెంట్ వల్ల వచ్చిందే.

సి6 ట్యూనింగ్ (తీగలను శ్రుతి చేసుకునే ఒక పద్ధతి) ఉన్న, ఒళ్లో పెట్టుకునే ఆరు తీగల ల్యాప్ స్టీల్‌కి ఆ సి మేజర్ చక్కగా సరిపోతుంది. మందపు తీగ నుంచి సన్న తీగ దాకా సి, ఇ, జి, ఎ, సి, ఇ. లెక్కపెట్టేటప్పుడు మాత్రం సన్నదే మొదటి తీగ. బాణీలో మొదటి స్వరం ఇ, సన్న తీగను ఖాళీగా మీటితే పలికేది సరిగ్గా అదే. నేను కూడా ఆశపడి మొదట అలాగే మీటాను. కానీ ఆ స్వరం మొదటి మెజర్ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) అంతా సాగి రెండోదాంట్లోకి వెళ్తుంది. ఖాళీ తీగ మీద బార్ ఉండదు కాబట్టి వైబ్రాటో (స్వరాన్ని సన్నగా ఊపడం) ఉండదు. అంతసేపూ ఆ స్వరం గోడకు కొట్టిన మేకులా నిలబడింది.

అదే ఇ రెండో తీగ 4వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డగీత) దగ్గర, మూడో తీగ 7వ ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగ 9వ ఫ్రెట్ దగ్గర కూడా ఉంది. మూడూ వాయించి చూసి మూడో తీగనే ఉంచుకున్నాను. తీగ కాస్త మందం కాబట్టి గొంతు నిండుగా ఉంటుంది, పైగా తర్వాత వచ్చే చిన్న స్వరాలకు బార్ ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఏ స్వరం వాయించాలో స్కోర్‌లో ఉంటుంది, ఎక్కడ వాయించాలన్నది మాత్రం ఉండదు. అరేంజ్ చేయడమంటే నాకు ఎక్కువగా ఈ వెతుకులాటే.

అపోహ: నిటారు బార్‌తో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) కుదరవు.

వాస్తవం: సగం నిజం. సి6లో పై మూడు తీగలు కలిపి మీటితే ఏ ఫ్రెట్ దగ్గరైనా మైనర్ వస్తుంది. మూడో తీగను వదిలేసి నాలుగు, రెండు, ఒకటి మీటితే మేజర్. చిక్కంతా జి, బి, డి, ఎఫ్ కలిసిన డొమినెంట్ సెవెన్త్‌తోనే. క్లాసికల్ వాక్యాలు చాలావరకు దాని మీదుగానే ముగింపుకు వస్తాయి. దానికి ప్రాణం లాంటి బి, ఎఫ్ జంట సి6లో నిటారు బార్‌కి అందదు. అప్పుడు బార్‌ను ఏటవాలుగా పెట్టాలి. మూడో తీగ 14వ ఫ్రెట్ మీద, మొదటి తీగ 13వ ఫ్రెట్ మీద పడేలా బార్ ముక్కును మొదటి ఫ్రెట్ల వైపు తిప్పితే ఆ రెండు స్వరాలూ వస్తాయి. మధ్య తీగను మీటకూడదు. తర్వాత బార్‌ను 12వ ఫ్రెట్ దగ్గర నిటారుగా తెచ్చి పై రెండు తీగలు మీటితే సి, ఇ. వాక్యం ముగిసింది. అడుగున ఉండాల్సిన జి స్వరం పియానోకి వదిలేయండి, మనమే అన్నీ మోయక్కర్లేదు.

ఇదే ఏటవాలు పట్టు 1, 2 ఫ్రెట్ల దగ్గర కూడా ఉంది. కానీ అక్కడ ఫ్రెట్ల మధ్య దూరం రెట్టింపు, మణికట్టు మెలి తిరిగిపోతుంది.

అపోహ: ఇది హవాయి, కంట్రీ పాటల వాద్యం.

వాస్తవం: పుట్టింది హవాయిలోనే, ఆ ఘనత జోసెఫ్ కెకుకుకి ఇస్తారు. అయితే బ్రిజ్ భూషణ్ కాబ్రా ఇలాంటి స్లైడ్ గిటార్ మీదే హిందుస్తానీ రాగాలు వాయించారు. కర్ణాటక సంగీతంలో ఇలాగే జారుస్తూ వాయించే గోటువాద్యం ఉండనే ఉంది. గమకాల లెక్క వేరు కాబట్టి ఇక్కడ దాని జోలికి పోను.

అపోహ: పక్కపక్క స్వరాల మధ్య ఊగే బాణీలు అసలు రావు.

వాస్తవం: బీథోవెన్ 'ఫర్ ఎలీజ్' మొదలు చూడండి. ఇ, డి షార్ప్, ఇ, డి షార్ప్, ఇ. ల్యాప్ స్టీల్ మీద బార్ అటూ ఇటూ ఊపితే అంబులెన్స్ సైరన్ వచ్చింది. పక్కన పడేశాను. తర్వాతెప్పుడో ఇ9 ట్యూనింగ్ ఉన్న పది తీగల పెడల్ స్టీల్ (పెడల్స్, మోకాలి లివర్లతో తీగల శ్రుతి మార్చే స్టీల్ గిటార్) ముందు కూర్చున్నప్పుడు వెలిగింది: రెండో తీగ డి షార్ప్, నాలుగో తీగ ఇ. 12వ ఫ్రెట్ మీద బార్ పెట్టి ఆ రెండింటినీ మార్చి మార్చి మీటితే చాలు. తర్వాతి బి అదే ఫ్రెట్‌లో ఐదో తీగ మీద ఉంది. ఆ తర్వాతి డి కోసం మోకాలి లివర్‌తో రెండో తీగను అర స్వరం దించాలి. ఇంతవరకూ బార్ కదల్లేదు. ఒక్క ఫ్రెట్ ముందుకు జరిపితే ఐదో తీగ మీద సి, ఆరో తీగ మీద ఎ. మొదటి వాక్యం మొత్తానికి బార్ నడిచింది ఒక్క ఫ్రెట్!

అపోహ: అయితే పెడల్ స్టీల్ కొనాల్సిందే.

వాస్తవం: ఒంటి బాణీకి ఆరు తీగలు చాలు. పెడల్ స్టీల్ గొప్పదనం మరో చోట ఉంది, ఒక స్వరం అలాగే మోగుతుంటే పక్క స్వరాలు కదలగలవు. ఇ9లో మొదటి రెండు పెడల్స్ నొక్కితే బి సి షార్ప్ అవుతుంది, జి షార్ప్ ఎ అవుతుంది, ఇ మాత్రం చెక్కుచెదరదు. ఇ మేజర్ కాస్తా ఎ మేజర్ అయిపోతుంది.

అపోహ: ట్యూనర్ పచ్చ లైట్ చూపిస్తే శ్రుతి కుదిరినట్టే.

వాస్తవం: ట్యూనర్ చూపే మేజర్ థర్డ్ (సి నుంచి ఇ దాకా ఉన్నలాంటి అంతరం) సహజమైన దానికంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. ఒంటరిగా వాయిస్తే ఆ తీగను కొంచెం దించుకుంటాను, కార్డు తియ్యగా ఉంటుంది. పియానో తోడుంటే దాని దారికే వెళ్లాలి. ఇక ఫ్రెట్లు ఇక్కడ గీతలే, తీగ వాటికి తగలదు. బార్ సరిగ్గా గీత మీదే ఉండాలి. తల పక్కకి వంచి చూస్తే కన్ను మోసం చేస్తుంది, చివరి మాట చెవిదే.

అపోహ: వాల్యూమ్ పెడల్ సౌండ్ పెంచడానికి.

వాస్తవం: కాలితో తొక్కే ఆ పెడల్‌ను మీటినప్పుడు సగమే తెరిచి, స్వరం తగ్గుతున్న కొద్దీ మిగతాది తెరవాలి. అప్పుడే స్వరం కమాను వేసినట్టు సాగుతుంది. మొదట్లోనే పూర్తిగా తొక్కేస్తే తర్వాత ఇవ్వడానికి ఏమీ మిగలదు.

అపోహ: ఓపిక ఉంటే ఏ రచననైనా తేవచ్చు.

వాస్తవం: తేలేం. సెల్లో కోసం, గొంతు కోసం రాసిన నిదానపు బాణీలు ఇష్టంగా వస్తాయి. సాన్-సాన్స్ 1886లో సెల్లోకి రాసిన 'ద స్వాన్' అలాంటిదే. నాలుగు గొంతుల ఫ్యూగ్ (ఒకే బాణీని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) ఒకటి మాత్రం మూడు వారాలు కుస్తీ పట్టాను. రెండు గొంతులు నిలిచాయి, మిగతా రెండూ బార్ కింద నలిగిపోయాయి. ఆ కాగితాలు ఇప్పటికీ సొరుగులోనే ఉన్నాయి.