తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలంటే కంపైలర్ ఏం గుర్తుపెట్టుకోవాలి?

పైథాన్‌లో ఒక కిరాణా కొట్టు ధరల పట్టిక రాస్తున్నామనుకుందాం. కర్లీ బ్రాకెట్ తెరిచి బియ్యం, కందిపప్పు, చింతపండు ధరలు వరుసగా రాసి, చివరి ధర తర్వాత కామా కూడా పెట్టి, బ్రాకెట్ మూయడం మాత్రం మరిచిపోయాం. కింది వరుసలో ‘మొత్తం’ అనే వేరియబుల్‌కు సున్నా విలువ ఇచ్చాం. 3.9 వెర్షన్ దాకా పైథాన్ దీన్ని చూసి, ఏ తప్పూ లేని ఆ కింది వరుసను చూపించి, ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’ (రాసిన తీరు చెల్లదు) అని ఊరుకునేది. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 వెర్షన్ పై వరుసకు వెళ్లి, తెరిచిన బ్రాకెట్ కిందే ^ గుర్తు పెట్టి, ‘{’ను మూయనేలేదని చెబుతుంది.

ఈ తేడాను చూసి, ఎవరో కూర్చుని సందేశాలను మంచి ఇంగ్లిష్‌లో తిరగరాశారని అనుకోవడం సహజం. నిజానికి మాటలు మార్చడం ఇందులో అతి చిన్న పని. పైథాన్‌ను ఇంటర్‌ప్రెటర్ అనడం అలవాటే గానీ దాని లోపలా ఒక కంపైలర్ ఉంది. ప్రోగ్రామును అది బైట్‌కోడ్ అనే లోపలి సూచనలుగా మార్చిన తర్వాతే అమలు మొదలవుతుంది. ఆ కంపైలర్ ఒక్కో దశలో ఏ సమాచారాన్ని దాచుకుంటుంది, దేన్ని పారేస్తుంది అన్నదాన్ని బట్టే, తప్పు దొరికినప్పుడు అది ఎంత చెప్పగలదో తేలుతుంది. దాచుకోని సంగతిని ఎంత చక్కటి వాక్యమైనా చెప్పలేదు.

పాత పార్సర్ (ప్రోగ్రాము వ్యాకరణాన్ని పరిశీలించే భాగం) సంగతే చూద్దాం. అది ప్రోగ్రామును ఎడమ నుంచి కుడికి చదువుతూ, ముందున్న ఒకే ఒక్క టోకెన్‌ను (పేరు, సంఖ్య, గుర్తు వంటి ముక్కను) చూసి దారి నిర్ణయించుకునే రకం. మన పట్టికలో కింది వరుసలోని సమాన గుర్తు దాకా ప్రతి టోకెనూ వ్యాకరణం ఒప్పుకునేదే. పట్టికలో మరో అంశం వస్తోందనే పార్సర్ భావించింది. అంటే తప్పు జరిగిన చోటు వేరు, అది బయటపడిన చోటు వేరు. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో సీ భాష నేర్చుకుంటూ సెమీకోలన్ మరిచిపోయి, కింది వరుసలో లేని తప్పు కోసం వెతికిన వారందరికీ ఈ దూరం పరిచయమే.

2020 అక్టోబరులో వచ్చిన 3.9 వెర్షన్‌లో ఆ పార్సర్‌కు బదులు, పెగ్ (పార్సింగ్ ఎక్స్‌ప్రెషన్ గ్రామర్) పద్ధతిలో రాసిన కొత్తదాన్ని పెట్టారు. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్, పాబ్లో గలిండో, లిసాండ్రోస్ నికొలావు కలిసి ప్రతిపాదించిన మార్పు ఇది. ఆ వెర్షన్‌లో వాడుకరికి కొత్తగా కనిపించింది దాదాపు ఏమీ లేదు. ఫలితం మరుసటి ఏడాది తెలిసింది. ప్రోగ్రామును టోకెన్లుగా విడగొట్టే భాగం, తెరిచిన ప్రతి బ్రాకెట్‌నూ దాని వరుస, కాలమ్ సంఖ్యలతో సహా ఒక స్టాక్‌లో (ఒకదానిపై ఒకటి పేర్చే దొంతరలో) పెడుతుంది. మూసిన బ్రాకెట్ రాగానే పైదాన్ని తీసేస్తుంది. పార్సర్ ముందుకు సాగలేక ఆగిపోయినప్పుడు ఆ స్టాక్‌లో ఇంకా ఏదైనా మిగిలి ఉంటే, అసలు నేరస్థుడు ఎవరో అక్కడే రాసి ఉంటుంది.

కొత్త పార్సర్‌లో నాకు అన్నింటికంటే అందంగా తోచేది దాని రెండు విడతల పద్ధతి. వ్యాకరణంలో సరైన వాక్యాల నియమాలతో పాటు, జనం తరచుగా చేసే తప్పులను గుర్తుపట్టే నియమాలు కూడా ఉంటాయి: కోలన్ మరవడం, పోల్చాల్సిన చోట ఒకే సమాన గుర్తు పెట్టడం వంటివి. మొదటి విడతలో ఈ తప్పుల నియమాలన్నీ నిద్రలో ఉంటాయి. ప్రోగ్రాము సరిగా ఉంటే వాటి ఊసే రాదు, కాబట్టి వేగం తగ్గదు. మొదటి విడత విఫలమైతేనే పార్సర్ మళ్లీ మొదటికి వెళ్లి, ఈసారి ఆ నియమాలను మేల్కొలిపి చదువుతుంది. తప్పు ఎలాగూ ఉందని తేలింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా కారణం వెతకడంలో నష్టం లేదు.

అయితే కారణం ఊహించే కంపైలర్‌కు నోరు అదుపులో ఉండాలి. రెండు పేర్లు పక్కపక్కన కనబడితే ‘కామా మరిచారేమో’ అని 3.10 సూచిస్తుంది, కానీ అవి ఏదో ఒక బ్రాకెట్ లోపల ఉంటేనే. బయట ఉంటే ఆ నియమం నోరు మెదపదు. బ్రాకెట్ బయట రెండు మాటలు పక్కపక్కన పడటానికి నూరు కారణాలుంటాయి, అన్నిటికీ కామానే మందుగా చెప్పే కంపైలర్‌ను కొత్తగా నేర్చుకునేవారు గుడ్డిగా నమ్మి మరింత చిక్కుల్లో పడతారు. తప్పుడు సలహా కంటే ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’ అన్న పాత మొద్దుమాటే నయం.

పేర్లలో అక్షరాలు తారుమారైనప్పుడు ‘మీ ఉద్దేశం ఇదా?’ అని అడిగే సూచన వెనుక కూడా ఇలాంటి లెక్కలే ఉన్నాయి. సోవియట్ గణితజ్ఞుడు లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించిన దూరం దానికి ఆధారం: ఒక పదాన్ని మరో పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అన్నది. పైథాన్‌లో ఒక అక్షరం మార్పుకు 2 పాయింట్లు, ఇంగ్లిష్ పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడాకు 1 పాయింటే. దాదాపు మూడో వంతుకు మించి అక్షరాలు మార్చాల్సి వస్తే ఆ పేరును సూచించదు. పోల్చాల్సిన పేర్లు 750కి చేరితే ఆ ప్రయత్నమే చేయదు.

రస్ట్ భాష కంపైలర్‌లో ఇదే ఆలోచన మరింత లోతుకు దిగింది. ఒక వేరియబుల్ రకం (టైప్) ఏమిటో తేలకపోతే, దాన్ని వాడిన ప్రతిచోటా కొత్త తప్పు పుడుతుంది. ఒక్క పొరపాటుకు తెర నిండా ఎర్రర్లు వస్తాయి, వాటిలో మొదటిదే నిజం. దీన్ని ఆపడానికి రస్ట్ కంపైలర్ అలాంటి చోట ‘ఎర్రర్’ అనే ప్రత్యేక రకాన్ని పెడుతుంది. దాన్ని దేనితో కలిపినా, దేనికి అందించినా కంపైలర్ మౌనంగా ఒప్పుకుంటుంది. ఇక్కడొక ప్రమాదం ఉంది: ఏ సందేశమూ చూపించకుండానే పొరపాటున ఈ రకాన్ని పెడితే, తప్పున్న ప్రోగ్రాము సరైనదిగా చెలామణి అయిపోతుంది. అందుకని, కనీసం ఒక ఎర్రర్‌ను వాడుకరికి చూపినట్టు రసీదు లాంటి విలువ చేతిలో ఉంటే తప్ప ఆ రకాన్ని తయారు చేయడానికి వీల్లేకుండా కంపైలర్ లోపలి కోడ్‌ను మార్చారు. ఎవరి క్రమశిక్షణ మీదా ఆధారపడకుండా, రస్ట్ రక వ్యవస్థే రస్ట్ కంపైలర్ రచయితలకు కాపలా కాస్తుంది.

మనం రాసిన ఫర్ లూప్‌ను రస్ట్ కంపైలర్ లోపల మరింత మౌలికమైన లూప్‌గా, మ్యాచ్‌గా (విలువను బట్టి దారి ఎంచుకునే నిర్మాణంగా) విడగొడుతుంది. తప్పు ఆ విడగొట్టిన రూపంలో దొరుకుతుంది, కానీ వాడుకరి ఆ రూపాన్ని ఎన్నడూ చూడలేదు. అందుకే లోపలి ప్రతి ముక్కకూ అది మూల ఫైల్లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో, ఏ నిర్మాణం నుంచి పుట్టిందో చెప్పే సమాచారం అంటిపెట్టుకుని వస్తుంది.

ఈ సందేశాలు చెడిపోకుండా చూసే ఏర్పాటూ ఉంది. రస్ట్ కంపైలర్‌తో పాటే వేలాది చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. వాటిలో తప్పులున్న ప్రతిదాని పక్కనా రావలసిన సందేశం అక్షరం పొల్లుపోకుండా మరో ఫైల్లో ఉంటుంది. లోపలి కోడ్‌లో చేసిన మార్పు వల్ల ఎక్కడో ఒక ^ గుర్తు ఒక గడి జరిగినా పరీక్ష విఫలమవుతుంది.

ఆ ^ గుర్తు తెలుగు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్‌కు తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. ‘మొత్తం’ అన్న పేరు చదివేవారి కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. ఆ సంకేతాలను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పైథాన్ కంపైలర్ లోపల కాలమ్ సంఖ్యలను బైట్లలో దాచుకుని, ఎర్రర్ చూపే ముందు సంకేతాల లెక్కలోకి మారుస్తుంది. ఆ మార్పిడి లేకపోతే గుర్తు ఎక్కడికో పోయేది. ఉన్నా, ఆరు సంకేతాలకు ఆరు గడులు లెక్కగట్టడం వల్ల రెండక్షరాల పేరు దాటి కుడివైపుకు జరగవచ్చు. ఒత్తులూ గుణింతాలూ కలిసిన అక్షరం తెర మీద ఎంత వెడల్పు తీసుకుంటుందో ఫాంటుకూ టెర్మినల్‌కూ తెలుసు, కంపైలర్‌కు తెలియదు. కాబట్టి తెలుగు పేర్లున్న వరుసలో ఎర్రర్ వస్తే, ప్రస్తుతానికి గుర్తు కంటే వరుస సంఖ్యనూ, సందేశంలో కనబడే పేరునూ చూసుకోవడమే మేలు.