వర్డ్ క్లాసులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా ఎంఎస్ ఆఫీస్ బ్యాచ్‌లు చెబుతున్నాను. డిగ్రీ పిల్లలు, ప్రమోషన్ వచ్చిన గుమాస్తాలు, రిటైరయ్యాక జ్ఞాపకాలు రాసుకుందామని వచ్చే మాస్టార్లు, ఎవరైనా సరే మొదటిరోజు నోట్‌బుక్ తీసి ఒకటే అడుగుతారు: "సార్, ఈ బటన్లు ఏది దేనికో వరసగా రాయించండి." ముందు ఆ నోట్‌బుక్ మూయిస్తాను.

అపోహ: బటన్లన్నీ బట్టీ పడితేనే వర్డ్ వచ్చినట్టు.

వాస్తవం: వాటిలో సగం నేను ఇప్పటికీ ముట్టుకోలేదు. పైన అడ్డంగా కనిపించే పట్టీ పేరు రిబ్బన్. దాని మీద హోమ్, ఇన్సర్ట్, లేఅవుట్ లాంటివి ట్యాబ్‌లు. పోపుల డబ్బాలో ఆవాలు ఏ గిన్నెలో, మెంతులు ఏ గిన్నెలో తెలిస్తే చాలు కదా, ఇదీ అంతే. అక్షరాల, పేరాల తీరు మార్చాలంటే హోమ్. టేబుల్, ఫొటో, పేజీ నంబరు లాంటిది కొత్తగా తెచ్చిపెట్టాలంటే ఇన్సర్ట్. కాగితం సైజు, మార్జిన్లు లేఅవుట్‌లో. హోమ్‌లో ఫాంట్, పేరాగ్రాఫ్ అని రాసున్న చోట కుడి మూలన బుల్లి బాణం ఉంటుంది. దాన్ని నొక్కితే పైన పట్టని ఆప్షన్లన్నీ ఒక బాక్సులో వస్తాయి. ఏళ్ల తరబడి వర్డ్ వాడినవాళ్లు కూడా ఆ బాణాన్ని చూసి ఉండరు!

అపోహ: "నిన్న ఉన్న ట్యాబ్ ఇవాళ లేదు, వైరస్ వచ్చింది సార్."

వాస్తవం: వైరస్ కాదు, కర్సర్ (టైప్ చేసే చోట మిణుకుమనే గీత) పక్కకు పోయింది. వర్డ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువసేపు చెప్పేది దీని గురించే. కర్సర్ టేబుల్ లోపల ఉంటేనే టేబుల్ డిజైన్ ట్యాబ్ వస్తుంది, బయట క్లిక్ చేస్తే పోతుంది. ఫొటో మీద నొక్కితే ఫొటోకు సంబంధించిన ట్యాబ్ వస్తుంది. పైగా చాలా వెర్షన్లలో టేబుల్‌లో ఉన్నప్పుడు లేఅవుట్ అనే పేరుతో రెండు ట్యాబ్‌లు కనిపిస్తాయి. ఒకటి కాగితానిది, రెండోది టేబుల్‌ది. ఈ పేరు పెట్టినవాళ్లు ఒక్కరోజు కూడా క్లాసు చెప్పి ఉండరని నా అనుమానం.

"సెంటర్ నొక్కితే మొత్తం జరిగింది, సైజు 14 పెడితే ఏమీ మారలేదు" అనే గొడవా ఇలాంటిదే. సెంటర్, లైన్ల మధ్య ఎడం లాంటివి పేరాకు చెందినవి. పేరాలో ఎక్కడ కర్సర్ ఉన్నా పేరా మొత్తానికి వర్తిస్తాయి, సెలెక్ట్ చేయక్కర్లేదు. బోల్డ్, సైజు, రంగు అక్షరాలకు చెందినవి. వీటికి ముందు సెలెక్ట్ చేయాలి. లేదంటే కర్సర్ ఉన్న ఆ ఒక్క మాటో, ఇకముందు టైప్ చేసేదో మాత్రమే మారుతుంది. ఈ తేడా పట్టుబడితే వర్డ్ మీద సగం కోపం తగ్గిపోతుంది.

ట్యాబ్ పేర్లుండి కింద బటన్లు మాత్రం మాయమైతే, పొరపాటున ట్యాబ్ మీద డబుల్ క్లిక్ పడిందన్నమాట. కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కండి, వచ్చేస్తాయి.

అపోహ: ఫైల్ నొక్కితే రాసిందంతా పోయింది.

వాస్తవం: పోలేదు, వెనక ఉంది. ఎస్కేప్ నొక్కండి.

అపోహ: ఎర్ర గీత పడిందంటే స్పెల్లింగ్ తప్పు.

వాస్తవం: ఆ మాట దాని డిక్షనరీలో లేదని మాత్రమే అర్థం. ఇంగ్లిష్ అక్షరాల్లో మన ఇంటిపేర్లు, ఊరిపేర్లు రాస్తే గీత పడుతూనే ఉంటుంది. ప్రింటులో రాదు, టెన్షన్ వద్దు.

అపోహ: పక్కకు జరపాలంటే స్పేస్‌బార్, తర్వాతి పేజీకి వెళ్లాలంటే ఎంటర్.

వాస్తవం: ఒకాయన అర్జీ టైప్ చేసి తెచ్చారు. సంతకం పేజీ చివర రావాలని ఎంటర్లు కొట్టుకుంటూ పోయారు. పైన "విషయం" అని ఒక్క లైను చేర్చగానే సంతకం ఒంటరిగా రెండో పేజీకి పోయింది. హోమ్‌లో తిరగేసిన పీ అక్షరంలాంటి గుర్తు ఉంటుంది, అది నొక్కి చూపించాను. ప్రతి స్పేస్ ఒక చుక్కగా, ప్రతి ఎంటర్ ఒక గుర్తుగా బయటపడ్డాయి. ఆయన నవ్వాపుకోలేకపోయారు. కొత్త పేజీకి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే చాలు. పక్కకు జరపడానికి వ్యూ ట్యాబ్‌లో రూలర్ తెప్పించుకుని, దాని మీద క్లిక్ చేసి ట్యాబ్ స్టాప్ (కీబోర్డులో ట్యాబ్ కీ నొక్కితే కర్సర్ వెళ్లి ఆగే చోటు) పెట్టుకోండి.

అపోహ: తెలుగులో టైప్ చేయాలంటే "అను" అనే పాత తెలుగు ఫాంట్లే గతి.

వాస్తవం: డీటీపీ సెంటర్లలో అను ఇంకా నడుస్తోంది, కాదనను. కానీ అందులో లోపల ఉండేది వేరే సంకేతాలు, తెలుగు రూపం ఇచ్చేది ఫాంటే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. పైన ఫాంట్ బాక్సులో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఎంచుకుంటే అది తెలుగైపోదు, కన్వర్టర్ వాడాల్సిందే. కొత్తగా నేర్చుకునేవాళ్లు యూనికోడ్‌తో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతితో మొదలుపెట్టండి. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే, విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కి అటూ ఇటూ మారవచ్చు. విండోస్ 10లో 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు, అంటే పలికినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులో వచ్చేది కూడా ఉంది.

అపోహ: వెర్షన్ మారితే మళ్లీ మొదటికి రావాలి.

వాస్తవం: అంత పెద్ద మార్పు 2007లో ఒక్కసారే వచ్చింది, పాత మెనూలు తీసేసి రిబ్బన్ పెట్టారు. అప్పుడు ఫైల్ మెనూ స్థానంలో గుండ్రటి బటన్ వచ్చింది, 2010లో మళ్లీ ఫైల్ తెచ్చారు. అప్పటి నుంచి అస్థిపంజరం అదే. డబ్బు పెట్టలేనివాళ్లకు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ రైటర్ ఉంది. దాన్ని మొదటిసారి తెరిస్తే పాతకాలం మెనూలే కనిపిస్తాయి.

అపోహ: ఇప్పుడు సేవ్ చేయక్కర్లేదు, అదే సేవ్ అవుతుంది.

వాస్తవం: పైన ఎడమ మూలన ఉండే ఆటోసేవ్ స్విచ్, ఫైలు వన్‌డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే మైక్రోసాఫ్ట్ సేవ) లాంటి చోట ఉంటేనే పనిచేస్తుంది. మీ డీ డ్రైవ్‌లో ఉన్న ఫైలుకు, మీరు సెట్టింగ్ మార్చకపోతే, పది నిమిషాలకోసారి తీసే ఆటోరికవర్ కాపీయే దిక్కు. యూపీఎస్ లేని ఇంట్లో తొమ్మిదో నిమిషంలో కరెంటు పోతే ఆ తొమ్మిది నిమిషాల పనీ పోయినట్టే. పేరాకోసారి కంట్రోల్, ఎస్ నొక్కండి.